రోకలి పడేదాకా

నేను ఒక రోకలిని. సండ్ర కర్ర ఒళ్లు, అడుగున ఇనప పొన్ను, ఎవరినీ లెక్కచేయని స్వభావం. మండపేటలో ఒక వడ్రంగి నన్ను చిత్రిక పట్టి నునుపు చేశాడు, కమ్మరి పొన్ను బిగించాడు. అక్కణ్నుంచి ఒక ఇంటికి చేరి, తరవాత ఆ ఇంటి కోడలైన శేషారత్నమ్మకి అత్తగారు, ఆవిడ చేతుల్లో పడ్డాను. ఆ మహాతల్లి నాతో దంచనిది లేదు. పసుపు కొమ్ములు, ఎండు మిరపకాయలు, కోపమొస్తే ఒట్టి రోలు కూడా. ఇంట్లో పెళ్లి తలపెడితే నాకు పసుపు రాసి, మామిడాకులు కట్టి, ముత్తయిదువలు పాట పాడుతూ ముందు నాతోనే పసుపు దంచేవారు. అంత మర్యాద పెళ్లికొడుక్కి కూడా జరగడం నేను చూడలేదు.

తరవాత మిక్సీ వచ్చింది. మనిషి చూడబోతే జానెడు లేదు, అరుపు మాత్రం వీధి చివరిదాకా. శేషారత్నమ్మ కాపరానికొచ్చిన కొన్నాళ్లకే నేను తలుపు మూలకి చేరాను. అయినా నా ఉద్యోగాల్లో ఒకటి మాత్రం ఆ మిక్సీ చేయలేకపోయింది. గ్రహణం పట్టగానే ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి, అందులో నన్ను నిలబెడతారు. గ్రహణం ఉన్నంతసేపు నిలబడి ఉంటాననీ, విడవగానే పడిపోతాననీ మావాళ్ల నమ్మకం. నేను పడితేనే ఆ ఇంట్లో స్నానాలు, వంటలు. ఆకాశంలో అంతంత గోళాలు ఒకదానికొకటి అడ్డొచ్చి తప్పుకుంటుంటే, అయిందా లేదా అని ఈ మనుషులు వచ్చి నన్ను చూసేవారు. నాకు గర్వం రాక ఏమవుతుంది?

ఆ గర్వం మీద మొదటి దెబ్బ వేసినాయన ఆ ఇంటి అల్లుడు పాండురంగారావు. కాకినాడలో ఒక కాలేజీలో ఫిజిక్సు చెబుతాడు. శేషారత్నమ్మకి ఒక్కగానొక్క కూతురు హైమవతి. ఆ పిల్ల తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది, నెలలు నిండాయి, సరిగ్గా అప్పుడే సూర్యగ్రహణం వచ్చిపడింది. గ్రహణం విడిచేదాకా గర్భిణి చీకటి గదిలో మెదలకుండా పడుకోవాలని తల్లి పట్టు. ఆ కబురు విని అల్లుడు ముందు రోజే దిగాడు.

"సూర్యుడి ముందు మన భూమి ఆవగింజంత అండి. విశ్వం ముందు ఆ సూర్యుడే ఓ ఆవగింజ. ఇక మనమెంత అత్తయ్యగారూ? మనం ఉన్న సంగతే వాటికి తెలీదు," అన్నాడు.

శేషారత్నమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. తల కూడా ఎత్తలేదు. "తెలీకపోతే గ్రహణం మా అమ్మాయి కడుపు మీదకే ఎందుకొస్తుంది బాబూ?" అంది.

అదీ వరస. ఆయన విశ్వంలో మనిషికి చోటే లేదు. ఆవిడ విశ్వానికి హైమవతి కడుపు తప్ప వేరే పనే లేదు. మధ్యలో ఆ పిల్ల ఆయాసపడుతూ మజ్జిగ తాగుతోంది.

అల్లుడు ఊరుకునే రకం కాదు. అడుగు చదునుగా ఉంటే రోకలి ఏ రోజైనా నిలబడుతుంది, దానికి గ్రహణంతో పనిలేదని రుజువు చేస్తానన్నాడు. స్కూటరు మీద నన్ను అడ్డంగా పెట్టుకుని లేతు షాపుకి తీసుకెళ్లి, పొన్ను అడుగు పలకలా చదును చేయించాడు. తెచ్చి గచ్చు మీద నిలబెట్టాడు. నిలబడ్డాను.

"చూశారా? ఇవాళ గ్రహణం లేదు, అయినా నిలబడింది."

"గ్రహణం రేపే కదా బాబూ. దీనికి ముందే తెలిసిపోయింది," అని ఆవిడ నాకు దణ్ణం పెట్టుకుంది. అప్పుడు అల్లుడి మొహం చూసి తీరాలి.

మర్నాడు గ్రహణం పట్టింది. పచ్చళ్ల జాడీల మీద దర్భలు పడ్డాయి, హైమవతి గదిలోకి వెళ్లింది, నేను పళ్లెంలోకి ఎక్కాను. గ్రహణం సగంలో ఉండగా ఆ పిల్లకి నొప్పులు మొదలయ్యాయి. విడవగానే వెళ్దాం అంది తల్లి. అల్లుడు పళ్లు బిగపట్టి కూర్చున్నాడు. కాసేపటికి టీవీలో గ్రహణం విడిచిందన్నారు. వాకిట్లో ఎండ మామూలుగా కాసింది. నేను మాత్రం పడలేదు. పొన్ను అంత చక్కగా చదును చేయించాక ఎలా పడతాను?

"అయిపోయిందండి అత్తయ్యగారూ. టీవీలో చెప్పారు, ఆస్పత్రికి వెళ్దాం."

"టీవీ వాళ్లకి విడిచిందేమో బాబూ. మనింటికి ఇంకా విడవలేదు. అదిగో, నిలబడే ఉంది."

"అది నేను చదును చేయించినందుకండి!"

"మా అత్తగారి కాలంలో ఏ లేతుందని? అప్పుడూ నిలబడింది."

ఆవిడది పంతం అనుకునేరు. కాదు, భయం. ఆవిడ చెల్లెలు గ్రహణమొర్రితో పుట్టింది. ఆ చెల్లెలు ఊళ్లో పడ్డ మాటలన్నీ ఆవిడకి ఇంకా గుర్తే. గదిలోంచి మూలుగు వినబడిన ప్రతిసారీ ఆవిడ గుమ్మందాకా వెళ్లి, నన్ను చూసి వెనక్కి వస్తోంది.

చివరికి అల్లుడు లేచి నా దగ్గరకొచ్చాడు. ఒక్క వేలితో తోస్తే పోయేదాన్ని. చెయ్యి నా దాకా వచ్చి ఆగింది. అత్తగారి మీద గౌరవం కాబోలనుకున్నాను. తీరా చూస్తే ఆయన కళ్లు హైమవతి గది తలుపు మీద ఉన్నాయి. ఒకవేళ ఏమైనా అయితే, అని ఆ ఫిజిక్సు వేలు ఆలోచిస్తోంది. నక్షత్రాల సంగతి వేరు, హైమ సంగతి వేరు. నాకు పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సిగ్గేసింది. పడిపోదామని ఎంతో చూశాను. కర్రని కదా, నావల్ల కాలేదు.

అప్పుడు గది తలుపు తెరుచుకుంది. హైమవతి ఒక చెయ్యి గోడకి ఆనించి, ఇంకో చెయ్యి నడుం మీద వేసుకుని మెల్లగా వచ్చింది. తల్లిని చూసింది, మొగుణ్ని చూసింది, ఆ పైన నన్ను చూసింది. గోడ మీది చెయ్యి తీసి నన్నొక్క నెట్టు నెట్టింది. పళ్లెం ఖంగుమంది. నీళ్లన్నీ అల్లుడి ప్యాంటు మీద పడ్డాయి.

"పడింది కదమ్మా. ఇంక ఆటో పిలవండి," అంది.

శేషారత్నమ్మ గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. "పడింది, పడింది. విడిచిపోయింది. ఇంకా చూస్తారేంటి బాబూ, పరిగెత్తండి," అంది. ఎవరు పడేశారని ఆ ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రమే ఆడపిల్ల పుట్టింది. పెదవి చక్కగా ఉంది. పిల్ల కాస్త చిన్నది గానీ భయం లేదండి అని నర్సు చేతిలో పెడితే, అల్లుడు కళ్లనీళ్లు పెట్టుకుని "ఎంత పెద్దగా ఉందండీ," అన్నాడట. శేషారత్నమ్మ నన్ను తుడుస్తూ పక్కింటావిడతో చెబుతుంటే విన్నాను.

ఇప్పుడు నేను కాకినాడ కాలేజీలో, ల్యాబు మూలన ఉంటున్నాను. అల్లుడే అడిగి తెచ్చుకున్నాడు. 'మూఢనమ్మకం' అని అట్టముక్క రాసి నా ఒంటికి మేకుతో కొట్టించాడు. పోనీలెండి, మిక్సీకి ఆ పేరు కూడా లేదు. ఏటా పిల్లలకి నన్ను చూపించి, బల్ల మీద పరిచిన నక్షత్రాల పటం దగ్గర మొదలుపెట్టి, "ఇంత విశ్వంలో మనిషి ఏపాటివాడర్రా? మనం ఉన్నా లేకపోయినా దానికి తెలియనైనా తెలియదు," అంటాడు. ఈ ఏడు సరిగ్గా అక్కడికొచ్చేసరికి ఫోను మోగింది.

"ఆగండర్రా, మా అమ్మాయి," అని గుమ్మం దగ్గరికి పోయాడు. కూతురికి పన్ను ఊడిందట. "ఇంటి కప్పు మీదకి విసిరెయ్యి నాన్నా, కొత్తది తొందరగా వస్తుంది," అని చెప్పాడు. ఏ పన్ను, నొప్పి పుట్టిందా, రక్తం వచ్చిందా, అమ్మకి చూపించావా. అంతసేపూ నక్షత్రాలన్నీ బల్ల మీద అలాగే ఆగి ఉన్నాయి. మాటలన్నీ అయ్యాక నవ్వుకుంటూ వచ్చి, "ఎక్కడ ఆపాను?" అని అడిగాడు.

"మనిషి ఏపాటివాడు అన్న దగ్గర ఆపారండీ," అంది ముందు బెంచీలో ఒకమ్మాయి.

ఆయన ఒకసారి నా వైపు చూశాడు. నేను నిలబడే ఉన్నాను.