బండివాళ్ళ మంట

పొద్దున్నే ఐదున్నరకి బండ్ల స్టాండుకి వెళ్ళి చూడండి, మీకే తెలుస్తుంది. వరసగా పదకొండు గుర్రబ్బళ్ళు, పదకొండు మంది బండివాళ్ళు, ఒక్కొక్కరి జేబులో ఒక్కో గులాబీ రంగు కడుపుమంట మందు సీసా. మూత తీయడం, ఓ గుటక వేయడం, పొట్ట రుద్దుకోవడం, పక్కవాణ్ణి తిట్టడం. ఆ తర్వాతే బండి కదిలేది. ఎదురుగా ఉన్న మందుల షాపాయన ఆ సీసాల మీదే మేడ కట్టాడని అంటారు. మేడ సంగతి నాకు తెలీదు గానీ, షాపు మాత్రం వీధిలో అందరికంటే ముందు తెరిచేవాడు.

ఆ మంట బండివాళ్ళది కాదు, గుర్రాలది. ఎవరి చేత్తో మేత తింటే వాళ్ళ ఒంట్లోకి ఆ జీవం నొప్పి వచ్చి కూర్చుంటుంది. జీవానికీ తగ్గదు, ఇంకొకరు మేత పెట్టేదాకా వీళ్ళనీ వదలదు. ఇది తెలియనిదెవరికి! టైలరు పెంచే కుక్కకి చెవిపోటొస్తే టైలరే చెవిలో దూది పెట్టుకుని కుట్టేవాడు, కొలతలు రెండుసార్లు అరిచి చెప్పాల్సొచ్చేది. అంతే. అలాగే గుర్రమన్నాక కడుపులో మంట ఉంటుంది, బండివాడన్నాక జేబులో సీసా ఉంటుంది అని తాతల నాటి నుంచీ అనుకుంటూ వచ్చారు. స్టాండులో పెద్దవాడు గడ్డం తాత అయితే, "నలభై ఏళ్ళ మంట నాది, మీదీ ఒక మంటేనట్రా!" అని గొప్పలు కూడా పోయేవాడు.

స్టాండు వెనక సందులోనే పెద్దమ్మ ఇల్లు. సందంతా ఆవిణ్ణి పెద్దమ్మ అనే పిలుస్తుంది. భర్త బండి తోలేవాడు, జ్వరమొచ్చి పోయి ఆరేళ్ళయింది. ఇప్పుడు కొడుకు తోలుతున్నాడు. కోడలు స్కూలు ఆఫీసులో పని చేస్తుంది. ఇంట్లో నాలుగో మనిషి దొరసాని, అంటే గుర్రం. గోధుమ రంగు ఆడగుర్రం. పేరుకి తగ్గ నఖరాలు ముందు నుంచీ ఉన్నాయి గానీ ఆ ఏడు హద్దు దాటాయి. దాణా సగం వదిలేసేది. పొట్ట కింద పట్టీ బిగించబోతే కరవడానికి వచ్చేది. పక్కటెముకలు తేలిపోయాయి, ఒంటి మీద నిగనిగలు పోయాయి. పాల క్యాన్లతో మిట్ట ఎక్కుతూ ఎక్కుతూ సగంలో నిలబడిపోయేది. పైన ఆసుపత్రిలో పాల కోసం ఎదురుచూపులు, కింద పాల డిపోలో కేకలు.

చివరికి డిపో మేనేజరు కొడుకుని పిలిచి తేల్చి చెప్పాడు. "ఒక్క నెల చూస్తానయ్యా. ఒకటో తారీకు పొద్దున పన్నెండు క్యాన్లతో ఎక్కడా ఆగకుండా పైకి రావాలి. రాలేదా, వ్యాను మాట్లాడేసుకుంటాను. నన్నేం అనుకోవద్దు."

దొరసానికి ఉన్నది ఆ ఒక్క పనే. అది పోతే గుర్రాల బేరగాడికి ఇచ్చెయ్యాల్సిందే. వాడు అప్పటికే రెండుసార్లొచ్చి పళ్ళు చూసి వెళ్ళాడు. వాడు తోలుకుపోయిన గుర్రం మళ్ళీ ఏ వీధిలోనూ ఎవరికీ కనపడలేదు. వాడు గుమ్మంలోకి వస్తేనే పెద్దమ్మ లేచి దొరసాని పక్కకి వెళ్ళి నిలబడేది.

సరిగ్గా ఆ వారమే కొడుకు కొట్టంలో తడినేల మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కట్టు వేసి ఆరు వారాలన్నారు. బండి తోలడం, మేత పెట్టడం పెద్దమ్మ మీద పడ్డాయి. పగ్గాలు పట్టడం ఆవిడకి కొత్త కాదు. మేత మాత్రం ఆ ఇంట్లో ఎప్పుడూ మగవాళ్ళే పెట్టారు.

మర్నాటికే ఇంటి తీరు తలకిందులైంది. కొడుకు పొద్దున్నే ఈల వేసుకుంటూ లేచాడు. పెళ్ళయిన నాలుగేళ్ళలో మొదటిసారి భార్యతో, "టీ భలే ఉందోయ్," అన్నాడు. ఆ పిల్ల హడలిపోయి జ్వరమేమోనని నుదురు తాకి చూసింది. అటు పెద్దమ్మ బకెట్టుని తిట్టింది, తలుపుని తిట్టింది, ఇంకా రాని సూర్యుణ్ణి కూడా తిట్టింది.

"అత్తయ్యా, ఆయనకి చెయ్యి విరిగాక నోరు బాగుపడింది. మీకేమొచ్చింది?" అంది కోడలు.

"కడుపులో నిప్పులు పోసినట్టుందే తల్లీ! ఒరేయ్, ఇన్నాళ్ళూ నువ్వు మోసింది ఇదేనా?"

"మామూలేగా అమ్మా," అన్నాడు కొడుకు తేలిగ్గా. "సీసా ఇమ్మంటావా?"

"నీ సీసా నువ్వే తాగు! మామూలేంట్రా మామూలు? నాకే ఇంతుంటే, నోరులేని దానికెంత ఉండాలి?"

అని చెప్పులేసుకుని దొరసానిని పట్టుకుని పశువుల ఆసుపత్రికి నడిచింది. చూశారా, మూడు తరాల మగవాళ్ళకి తోచని పని ఆవిడకి ఒక్క పొద్దులో తోచింది!

డాక్టరమ్మ ఆ ఊరికొచ్చి ఏడాదన్నా కాలేదు. మోచేతుల దాకా కోటు చేతులు మడిచి, దొరసాని చిగుళ్ళు చూసి, పొట్ట విని, వేళ్ళతో పక్కలు నొక్కింది. "జీర్ణాశయంలో పుళ్ళలా ఉన్నాయి. ఖాయంగా తెలియాలంటే పెద్ద పశువుల ఆసుపత్రిలో గొట్టం వేసి కెమెరాతో చూడాలి. దానికి చాలా అవుతుంది పెద్దమ్మా. మేత ఎవరు పెడుతున్నారు?"

"నేనే."

"అయితే ఇంకేం, కెమెరా మీ దగ్గరే ఉంది. మూడు రోజులు గమనించండి. మంట ఎప్పుడు మొదలవుతోంది, ఎప్పుడు పెరుగుతోంది, ఎప్పుడు తగ్గుతోంది. అది చెప్పండి చాలు."

మూడో రోజుకి పెద్దమ్మ వేళ్ళ మీద చెప్పేసింది. రాత్రి ఏడింటికి గడ్డి అయిపోతుంది, తెల్లారేసరికి మంట. ఖాళీ కడుపుతో మిట్ట మీద పరుగు పెడితే గొంతు దాకా మంట. మధ్యాహ్నం గడ్డి నములుతుంటే ఓ అరగంటకి చల్లబడుతుంది. దాణా ఎక్కువ పెట్టిన పూట మళ్ళీ మొదలు.

"బంగారం లాంటి రిపోర్టు," అంది డాక్టరమ్మ. "మనకైతే తిన్నప్పుడే ఆమ్లం ఎక్కువ ఊరుతుంది. గుర్రానికి అలా కాదు, తిన్నా తినకపోయినా రోజంతా ఊరుతూనే ఉంటుంది. దాన్ని ఆర్పేది నమిలేటప్పుడు వచ్చే లాలాజలమే. నోరు ఖాళీగా ఉందంటే లోపల కాలుతున్నట్టే. పైగా పరుగులో ఆ ఆమ్లం ఎగిరి జీర్ణాశయం పై భాగానికి తగులుతుంది, అక్కడి పొరకి రక్షణ తక్కువ. పనికి ముందు మేత పెట్టరా మీరు?"

"అమ్మో! కడుపు నిండిన గుర్రం మిట్ట ఎక్కదని మా బండివాళ్ళ లెక్క. పనికి ముందు పూట కడుపు మాడ్చే తోలుతారు."

డాక్టరమ్మ తల పట్టుకుంది. తర్వాత చేయాల్సింది చెప్పింది. నాలుగు వారాలు, పొద్దున్నే తొలి మేతకి గంట ముందు, గొట్టంలోంచి నోట్లోకి పిండే ముద్దమందు. అందులో ఒక్క రోజు కూడా తగ్గించకూడదు. దాణా సగానికి తగ్గించాలి, ఆ మిగిలిన డబ్బే మందుకి సరిపోతుంది. గడ్డి మాత్రం పగలూ రాత్రీ నోటికందాలి, నాలుగైదు గంటలకి మించి ఖాళీ ఉండకూడదు. బండి కట్టే అరగంట ముందు ఆమ్లాన్ని విరిచే లూసర్న్ గడ్డి ముక్కలు రెండు దోసిళ్ళు. గుర్రం కాలినొప్పికని కొడుకు సొంతంగా దాణాలో కలిపిస్తున్న నొప్పి పొడి ఆ రోజు నుంచే బంద్, అదీ పుండుని పెంచేదే. "పుండు మాన్పేది మందు. మళ్ళీ రాకుండా చూసేది గడ్డి. మందు జీవితాంతం కొనక్కర్లేదు పెద్దమ్మా."

"రాత్రంతా గడ్డి వేస్తే గంటలో ఊదేస్తుంది కదమ్మా?"

"చిన్న కన్నాల వలలో పెట్టండి. పోచ పోచా లాక్కుని తింటుంది."

వల కోడలు తెచ్చింది. స్కూల్లో చిరిగి మూల పడేసిన వాలీబాల్ వల, హెడ్‌మాస్టర్ని అడిగి మరీ పట్టుకొచ్చింది. అత్తాకోడళ్ళు దాన్ని కత్తిరించి సంచిలా కుట్టారు. కన్నాలు పెద్దవయ్యాయని దాని మీదే ఇంకోటి తొడిగారు, మూడు వేళ్ళు పట్టేంతకి దిగాయి. గిట్ట చిక్కుకోకుండా ఎత్తున కట్టారు. దొరసాని మొదటి రోజు ఆ వల వంక శత్రువుని చూసినట్టు చూసింది. రెండో రోజు ఓ పోచ లాగింది. మూడో రోజు నుంచి ఇంట్లో వాళ్ళకి కరకరమనే చప్పుడు వినపడకపోతే నిద్ర పట్టేది కాదు.

స్టాండులో మాత్రం నవ్వులే నవ్వులు. "చెల్లెమ్మా, గుర్రానికి వాలీబాల్ నేర్పుతున్నావా?" అనేవాడు గడ్డం తాత పొట్ట రుద్దుకుంటూ. పెద్దమ్మ భర్తకి ఆయన పాత స్నేహితుడు, ఎంతన్నా చెల్లుతుంది. "నేర్పి మీ జట్టుని ఓడిస్తాను అన్నయ్యగారూ," అని ఈవిడా వదిలేది కాదు. రెండో వారానికి మంట సగమైంది. మూడో వారానికి దొరసాని పట్టీ బిగిస్తుంటే చెవులైనా కదపలేదు. నాలుగో వారం ఒంటి మీద మళ్ళీ మెరుపు కనపడింది.

ఒకటో తారీకు రానే వచ్చింది. తెల్లవారుజామున కడుపులో చురుక్కుమని పెద్దమ్మకి మెలకువొచ్చింది. వారం రోజులుగా లేని మంట! మరుక్షణం కొట్టంలో ఉంది. వల కొక్కేనికి లేదు. గడ్డితో సహా కొడుకు ఒళ్ళో ఉంది. వాడు గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"ఎప్పుడు తీశావురా?"

"రాత్రి నువ్వు పడుకోగానే." వాడు వలని ఇంకా దగ్గరికి లాక్కున్నాడు. "ఇవాళ ఒక్కరోజు ఖాళీగా తోలుదామమ్మా. గడ్డం తాత కూడా అదే అన్నాడు. నాన్న పద్ధతీ అదేగా. ఆగిపోతే దీన్ని వాడు పట్టుకుపోతాడమ్మా!"

పెద్దమ్మకి కోపం ముంచుకొచ్చింది. ఆ కోపం ఎవరిదో గుర్తుపట్టి, అక్కడే గడ్డి మీద కూలబడింది.

"ముప్ఫై ఏళ్ళు మీ నాన్న పొద్దున్నే నా మీద అరిచేవాడురా. నా వంట నచ్చలేదనుకున్నాను. నేనే నచ్చలేదనుకున్నాను. మనిషి పోయాక కూడా ఆ కోపం మనసులోంచి తీయలేకపోయాను. ఈ నెల రోజుల్లో తెలిసింది. అరిచింది ఆయన కాదు, రాత్రంతా కడుపు మాడిన గుర్రం." కళ్ళు తుడుచుకుంది. "ఆయనకి చెప్పేవాళ్ళు లేకపోయారు. నీకు నేను చెప్తున్నాను. లే, ఆ వల కట్టు."

కొడుకు ఎడమ చేత్తో కొక్కేనికి వల తగిలించాడు. ముడి పెద్దమ్మ వేసింది. పోచ తర్వాత పోచ దొరసాని నమిలింది. రెండు దోసిళ్ళ లూసర్న్ ముక్కలూ తింది. టైము మించిపోతుందేమోనని కోడలు గుమ్మంలో కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. పెద్దమ్మ మాత్రం పొట్ట మీద చెయ్యి పెట్టుకుని మంట పూర్తిగా చల్లారేదాకా కదల్లేదు. అప్పుడు బండి కట్టింది.

డిపో దగ్గర పన్నెండు క్యాన్లు ఎక్కించారు. బేరగాడు అప్పటికే మిట్ట మీదికి వెళ్ళి తాడు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. స్టాండు మొత్తం బళ్ళేసుకుని వెనకే బయల్దేరింది, ముందు గడ్డం తాత, ఆయన బండిలో కొడుకూ కోడలూ.

"మేపి తెచ్చావా చెల్లెమ్మా? ఎంత పని చేశావు!" అని ఆయన నిజంగానే బాధపడ్డాడు.

పెద్దమ్మ పగ్గాలు కదిలించింది. చెప్పుల షాపు దాటారు. లాండ్రీ దాటారు. దొరసాని రోజూ ఆగిపోయే మలుపొచ్చింది. గిట్టలు నెమ్మదించాయి. వీధంతా ఊపిరి బిగబట్టింది. కొడుకు కళ్ళు మూసుకున్నాడు. పెద్దమ్మ తన కడుపు మీద మనసు పెట్టింది. ఏమీ లేదు. మంట లేదు, చురుకు లేదు, చల్లగా ఉంది. "నీకేం కాలేదే తల్లీ, నాకు తెలుసు, పద!" అంది. దొరసాని మెడ దించి, బరువంతా భుజాల మీదికి తీసుకుని, ఒక్క ఊపున మలుపు తిరిగింది. అక్కణ్ణుంచి పైదాకా అది ఆగలేదు, ఎవరూ అదిలించలేదు.

మేనేజరు వాచీ చూసుకుని నవ్వాడు. "పది నిమిషాలు ముందే వచ్చావు పెద్దమ్మా! వ్యాను వాడికి వద్దని కబురు పెడతాను." బేరగాడు తాడు చుట్టుకుని ఎటు పోయాడో ఎవరూ చూడలేదు. కోడలు దొరసాని మెడ పట్టుకుని ఏడ్చింది, కొడుకు నవ్వాడు, తర్వాత వాడూ ఏడ్చాడు. బండివాళ్ళు ఈలలేసి చప్పట్లు కొట్టారు.

ఒక్క గడ్డం తాత మాత్రం చప్పట్లు కొట్టలేదు. దగ్గరికొచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగాడు. "నిజం చెప్పు చెల్లెమ్మా. ఇప్పుడు మంట అస్సలు లేదా?"

"లేదన్నయ్యగారూ. ఒట్టు."

"నలభై ఏళ్ళు," అన్నాడాయన. "గుర్రమన్నాక ఇంతే అనుకున్నాను." ఆయన వెనక బూడిద రంగు ముసలి గుర్రం పళ్ళు కొరుకుతూ నిలబడి ఉంది.

పెద్దమ్మ ఆయన బండిలోని సంచిలోంచి గుప్పెడు గడ్డి తీసింది.

"వద్దు చెల్లెమ్మా! నీ వల్ల కాదు, ఇది చాలా పాతది!"

అప్పటికే బూడిద గుర్రం ఆవిడ అరచేతిలోంచి అందుకుంది. పెద్దమ్మ బండి చక్రం పట్టుకుని వంగిపోయింది, కాసేపు ఊపిరాడలేదు. గడ్డం తాత ఉలిక్కిపడి, పొట్ట మీది చెయ్యి మెల్లగా తీశాడు. ఆ చేతినేం చేసుకోవాలో తెలియనట్టు దాని వంకే చూస్తూ ఉండిపోయాడు.

"నడవండన్నయ్యగారూ," అంది పెద్దమ్మ పళ్ళ బిగువున, బూడిద గుర్రం కళ్ళెం పట్టుకుని. "డాక్టరమ్మ తలుపు తీసే వేళైంది. రాత్రి ఎన్నింటికి గడ్డి అయిపోతుందో దారిలో చెప్పండి."

వాళ్ళ వెనకే, ఎవరూ పిలవకుండానే, మిగతా తొమ్మిది బళ్ళూ పశువుల ఆసుపత్రి వైపు మళ్ళాయి.