అక్క ఎంచిన శుక్రవారం

దేవరాజులుకు తన అక్క భువనేశ్వరి మీద ఉన్న కోపాలు ఒకటీ రెండూ కావు. అమ్మ పోయాక తనను ఏడో తరగతిలోనే బడి మాన్పించి ఐసు ఫ్యాక్టరీలో పడేసిందన్నది ఒక కోపం. తన పెళ్ళిలో వంటవాళ్ళను ఆమే కుదిర్చి, మూడో బంతికి సాంబారు లేకుండా చేసిందన్నది ఇంకో కోపం. ఆ చిన్న కోపాలన్నిటినీ ఒక్క గుక్కలో మింగేసిన పెద్ద కోపం మాత్రం శుక్రవారంనాటిది. తాను తండ్రి కాబోతున్నాడన్న కబురు తనకంటే ముందు రాయపురంలో టీ కొట్టువాడికి తెలిసింది.

ఆ పొద్దున పడవలకు ఐసు దించేసి, వ్యాను టీ కొట్టు ముందర ఆపాడు. టీ తాగి చిల్లర తీయబోతే కొట్టు యజమాని ఆనంద్‌రాజ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఈ దినం నీ దగ్గిర కాసు తీసుకుంటే పాపం తగలతాది దేవా. అప్పా అవతా ఉండావంట గదా!"

"ఎవురు?"

"ఎవురేందప్పా, నువ్వే! మీ అక్క మా ఇంటామెకు ఫోను చేసి చెప్పింది. ఫోన్లో ఏడ్పూ నవ్వూ రెండూనంట."

ఐసు బార్లు ఎత్తి దించే కాళిముత్తు పక్కనే బన్ను నములుతున్నాడు. వాడు మొహం చిన్నబుచ్చుకున్నాడు. "ఏన్ అన్నా, నాకు గూడా చెప్పకపోతివే?"

"నాకే చెప్పలేదు గదరా, నీకెట్లా చెప్పేది?" అని దేవరాజులు గ్లాసు బల్లమీద ఠక్కున పెట్టాడు.

వ్యాను తోలుతూ ఇంటి మలుపు దాటిపోయి, మళ్ళీ వెనక్కి తిప్పుకోవాల్సి వచ్చింది. కోపానికా, సంతోషానికా అన్నది అతనికే తేలలేదు. పెళ్ళై తొమ్మిదేళ్ళు. అతనికి నలభై నాలుగు, అలమేలుకు ముప్పై ఆరు. ఈ తొమ్మిదేళ్ళలో మందుల షాపు నుంచి కాగితంలో చుట్టుకొచ్చిన, గర్భం ఉందో లేదో చూసుకునే కార్డులు ఎన్నో వాళ్ళు లెక్కపెట్టుకోలేదు. ప్రతి కార్డులోనూ ఒకే గీత. రెండో గీత రావలసినచోట తెల్లటి ఖాళీ. మొన్న పదిరోజుల కింద డాక్టరమ్మ ఒక ఇంజక్షన్ వేయించి, "ఇది అండం విడుదల కావడానికి. రెండు వారాలు ఓపిక పట్టండి. రెండు వారాలు నిండే మంగళవారం పొద్దున లేవగానే, మొదటిసారి పోసినదానితో చూడండి. అంతకుముందు మాత్రం చూడొద్దు," అని గట్టిగా చెప్పింది. అలమేలు బుద్ధిగా తల ఊపింది. దేవరాజులు అంతకన్నా బుద్ధిగా ఊపాడు.

తొండియార్‌పేటలో వాళ్ళది అగ్గిపెట్టె మీద అగ్గిపెట్టె పెట్టినట్టుండే ఇల్లు. కింద భాగంలో అక్క, పైన వీళ్ళు. అక్క మొగుడు పోయాడు, కొడుకులిద్దరూ ఎన్నూరులో కాపురాలు. అందుకని తమ్ముడి కాపురం మొత్తం ఆమె చేతుల్లోనే ఉందని ఆమె నమ్మకం. గుమ్మం దగ్గరికి వచ్చేసరికే నెయ్యి వాసన. కేసరి కలుపుతున్న గరిటెతోనే భువనేశ్వరి ఎదురొచ్చింది.

"రేయ్ దేవా! నా బంగారు నాయనా! రెండు గీతలురా! నా కళ్ళతో నేను చూసినాను!"

"మంగళవారం చూడమని గదా డాక్టరమ్మ చెప్పింది?"

"చెప్తాది చెప్తాది. ఆమెకేం తెలుసు, క్యాలెండరు చూస్తాదా?" గోడకు వేలాడే దినం చీటీల క్యాలెండరు వైపు గరిటె చూపింది. "మంగళవారం అలమేలు నక్షత్రానికి చంద్రాష్టమం, చంద్రుడు ఎనిమిదో ఇంట ఉండే చెడ్డ దినం. ఆ పొద్దు నోరు తెరిస్తేనే తగాదా వస్తాది, అట్లాంటిది బిడ్డ సంగతి తెరిచి చూస్తారా ఎవురన్నా? బుధవారం గూడా సగం దినం అదే. అందుకని నేనే చెప్పినాను, శుక్రవారం, లక్ష్మి ఇంటికొచ్చే దినం, ఈ పొద్దే చూసేయమ్మా అని. చూడు, వచ్చిందా లేదా!"

"వచ్చింది సరే. నాకు ముందు చెప్పాల్సిన పని లేదా?"

"నువ్వు ఫోను ఎత్తితే గదా! పడవల కాడ ఎప్పుడన్నా ఎత్తినావా? నువ్వు ఎత్తేదాకా నా నోరు ఆగతాదా?"

అది ఆగదని దేవరాజులుకు తెలుసు. కేసరి నోట్లో కుక్కించుకుని మెట్లెక్కాడు. అలమేలు కుట్టుమిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. అతన్ని చూసి తల దించుకుంది. ఆ దించుకోవడంలో కొత్తపెళ్ళికూతురు కనబడి, ఇన్నాళ్ళ కోపమూ ఒక్కసారి ఎటో పోయింది. కార్డు చూపించమన్నాడు. చూపించింది. ఒక గీత చిక్కగా, పక్కన ఇంకోటి లేతగా, నీళ్ళలో పడ్డ కుంకుమ మరకలా. కానీ ఉంది.

"ఉండాది మే," అన్నాడు.

"ఉండాది," అంది అలమేలు.

మధ్యాహ్నం కునుకు పట్టలేదు. డాక్టరమ్మ "చూడొద్దు" అన్న మాట ముల్లులా గుచ్చుతోంది. చూస్తే ఏమవుతుంది, తప్పేముంది అనుకుంటూనే వీధి చివరకు పోయి ఆస్పత్రికి ఫోను చేశాడు. అవతల నర్సు విషయం వినగానే విసుక్కుంది.

"ఏం సార్, అంతగా చెప్పి పంపిస్తే! గర్భం వస్తే ఒంట్లో ఏ హార్మోను పుడుతుందో, మేం వేసిన ఇంజక్షన్లో ఉండేది అదే. కార్డు కనిపెట్టేదీ దాన్నే. ఇంజక్షన్ ఒంట్లోంచి పూర్తిగా దిగకముందే చూస్తే, గర్భం లేకపోయినా రెండు గీతలొస్తాయి. ఇప్పుడు చూసింది లెక్కలోకి రాదు. ఉండొచ్చు, లేకపోవచ్చు. మంగళవారం చూడండి."

ఫోను పెట్టేసి అక్కడే కరెంటు స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. వీధిలో పోయేవాళ్ళు ఒక్కొక్కరే నవ్వి పలకరిస్తున్నారు. ఒకావిడ "మగబిడ్డేలే" అని కూడా తేల్చేసింది. అక్కను కింద నిలబెట్టి నాలుగు మాటలతో కడిగేయాలని మెట్ల దాకా వచ్చాడు. కానీ ముందు అలమేలుకు చెప్పాలి. ఎలా చెప్పేది? ఆ లేత గీతను చేత్తో తుడిచేసినట్టు ఎలా చెప్పేది?

అలమేలు మిద్దె మీద ఆరిన బట్టలు తీస్తోంది. అతను వచ్చి ఒక చీర కొస పట్టుకున్నాడు, మడతపెట్టడానికి సాయం వచ్చినట్టు. పెళ్ళైనప్పటి నుంచి ఒక్కనాడూ అతను మడతపెట్టింది లేదు.

"ఆస్పత్రికి ఫోను చేసినావా?" అంది ఆమె.

అతని చేతిలో కొస జారిపోయింది.

"నీ మొహమే చెప్తా ఉండాది. ఇంజక్షన్ వల్ల వచ్చినా రావచ్చు అన్నారు, అంతే గదా?"

"నీకు తెలుసునా?"

"డాక్టరమ్మ చెప్పేటప్పుడు నువ్వొక్కడివే ఉండావా ఆడ? నర్సమ్మ బయట కూర్చోబెట్టి ఇంకోసారి గూడా చెప్పింది. ముందుగా చూసి మోసపోవద్దమ్మా అని."

"మరి తెలిసి తెలిసి..."

అలమేలు చీర తానే మడిచి గోడ మీద పెట్టింది. కాసేపు హార్బరు వైపు చూసింది. అక్కడినుంచి క్రేన్ల తలలు మాత్రమే కనబడతాయి.

"తొమ్మిదేళ్ళుగా ఒంటిగీతే చూస్తా ఉండాను. రెండోది ఎట్లుంటాదో ఒక్కసారన్నా నా కార్డులో చూడాలనిపించింది. అబద్ధందైనా సరే. వదిన చంద్రాష్టమం అనగానే, ఇదే సాకు అని లేసిపోయినా. వదిన వెనకాలే వచ్చి తలుపు కాడ నిలబడతాదని నేను కలగన్నానా? కార్డు లాక్కోని చూసి, నన్ను వాటేసుకోని ఏడ్చేసింది. ఆమె అట్లా ఏడవడం నేనెప్పుడూ చూడలేదయ్యా. ఇంక నాకు నోరెట్లా వస్తాది?"

దేవరాజులు తీగ మీది తువ్వాలు తీసి తానే మడతపెట్టసాగాడు. అక్కకోసం కూడబెట్టుకొచ్చిన తిట్లన్నీ పనికిరాకుండా పోయాయి.

"ఒకవేళ నిజంగానే ఉండొచ్చు గూడా," అంది అలమేలు. "మంగళవారం దాకా నన్ను ఇట్లే ఉండనీ. ఎవురికీ చెప్పబాకు."

"సరే మే."

అక్కతో తగాదా పెట్టుకోకుండా ఉండటం దేవరాజులుకు ఐసు బారు వీపున మోయడం కన్నా కష్టం. శనివారం, అలమేలు బొప్పాయి తినకూడదని అక్క కూరగాయల బండివాడి దగ్గరున్న బొప్పాయిలనే వీధిలోంచి తరిమేసింది. ఆదివారం పైకొచ్చి, "రేయ్, ఆ పిల్ల చేత బకెట్టు మోయిస్తావా? నీ చేతులకేం, దిష్టి తగిలిందా?" అని అతన్ని వాయించింది. మామూలుగా అయితే అక్కడ ఇల్లు ఎగిరిపోయేది. దేవరాజులు మారు మాట్లాడకుండా బకెట్టు పైకి మోశాడు. భువనేశ్వరి అతని నుదురు తాకి చూసింది. "జొరమేమన్నా వచ్చిందా నీకు?"

ఆ వెనక అలమేలు పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వుకోసం ఇంకో పది బకెట్లయినా మోయొచ్చనిపించింది అతనికి.

సోమవారం రాత్రి అలమేలు కొత్త కార్డును దిండు కింద పెట్టుకుని పడుకుంది.

మంగళవారం తెల్లవారుజామున ఫ్యాక్టరీలో ఐసు ఎక్కించుకుని, నేరుగా హార్బరుకు పోకుండా వ్యానును వీధి మొగలో ఆపాడు. ఎన్నూరు పడవ ఒకటి ఆ ఐసు కోసమే కాచుకుని ఉంది. "ఐదు నిమిషాలురా, వచ్చేస్తా," అని కాళిముత్తుకు చెప్పి పైకొచ్చాడు. అలమేలు అప్పుడే లేచింది. ఏమీ తాగకుండానే లోపలికి పోయి వచ్చి, కార్డును కుట్టుమిషను పలక మీద పెట్టింది. ఇద్దరూ నేల మీద కూర్చున్నారు. మొదటి గీత వెంటనే వచ్చింది. ఎప్పుడూ అది వెంటనే వస్తుంది.

రెండోచోట ఏమీ లేదు.

కార్డును కిటికీ వెలుగులో పెట్టి చూశారు. వాల్చి చూశారు. కాళిముత్తు కింద నుంచి "అన్నా!" అని పిలిచాడు. దేవరాజులు లేవలేదు. ఐదు నిమిషాలూ దాటాయి. ఆ తరవాత ఏ మరక తేలినా దాన్ని నమ్మకూడదని ఇద్దరికీ తెలుసు. అలమేలే కార్డు తిరగేసి పెట్టింది.

"నువ్వు పో. ఐసు కరిగిపోతాది."

"కరగనీ."

"పడవోడు తిడతాడయ్యా."

"తిట్టనీ మే. వాడేం నా మామా?"

ఆమె ఏడవలేదు. అతని చొక్కా చెయ్యి పట్టుకుని, దాని మడత విప్పుతూ, మళ్ళీ వేస్తూ కూర్చుంది.

అప్పుడు భువనేశ్వరి మెట్ల మీద రొప్పుతూ వచ్చింది. "రేయ్, నీ వ్యాను నీళ్ళు మన వాకిట్లోకి పారతా ఉండాయి, ముగ్గంతా పాయె..." అని మొదలుపెట్టి, మిషను మీది కార్డు చూసి ఆగింది. ముందుకొచ్చి తిప్పి చూసింది. అలమేలు లేచి నిలబడింది. ఇంజక్షను సంగతి, తెలిసీ చూసిన సంగతి, దాచిన సంగతి అంతా చెప్పింది. 

"నన్ను తిట్టు వదినా. నీ నోటికి నేనే అబద్ధం అంటించినాను."

దేవరాజులు సిద్ధంగా ఉన్నాడు. అక్క ఒక్క మాట జారితే చాలు, ముప్పై ఏళ్ళ బాకీ ఈ పొద్దే తీర్చేస్తాడు. భువనేశ్వరి కార్డు పక్కన పెట్టింది. అలమేలు చెంప మీద చెయ్యి వేసింది.

"పిచ్చిదానా. చూడాలనిపిస్తే చూడవా? నాకు చెప్పుంటే నేనూ నీతో గూడా కూర్చోని, నోరు మూసుకోని చూసేదాన్ని గదే."

ఆమె నోరు మూసుకుంటుందన్న మాటకు ఇంకో వేళైతే దేవరాజులు పగలబడి నవ్వేవాడు. ఆమె కొంగు బిగించి కిందికి దిగింది. కాసేపటికి వీధి కుళాయి దగ్గర నుంచి ఆమె గొంతు పైకి వినబడింది. పుట్టి బుద్ధెరిగాక ఆ నోట తప్పు ఒప్పుకున్న మాట అతను ఎన్నడూ వినలేదు.

"అవునమ్మా, నేనే చూపు సరిగ్గా లేక ఒకటి రెండుగా చూసినాను! ముసిలి కళ్ళు! ఆ పిల్లకేం తెలీదు పాపం, వద్దు వదినా వద్దు వదినా అంటానే ఉండాది, నేనే ఊరంతా చాటినాను. తిట్టేదుంటే నన్ను తిట్టండి. ఆ పిల్లను ఒక్కరన్నా ఒక్క మాట అడిగినారో, ఈ బిందెతోనే కొడతా!"

"కొడతాది గూడా," అంది అలమేలు. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. దేవరాజులు ఆమె తల తన భుజానికి ఆనించుకున్నాడు.

"వచ్చే నెల డాక్టరమ్మ చెప్పిన దినం దాకా ఆగతాను," అంది.

"ఆగలేకపోతే నాకు చెప్పు. ఇద్దరం కలిసి తప్పు చేస్తాం."

కింద కాళిముత్తు చివరిసారిగా అరిచాడు. పడవ వేరేవాళ్ళ ఐసు తీసుకుని పోయిందట. దేవరాజులు కిటికీ దగ్గరికి కూడా పోలేదు. ఎండ ఎక్కేదాకా ఆమె పక్కనే ఉన్నాడు. అక్క పంపిన ఇడ్లీలు ఆమె చేత తినిపించాడు. ఆ పొద్దు వీధిలో కరిగి పారిన ఐసుకు అతను పోగొట్టుకున్నది మూడు వేల తొమ్మిది వందల రూపాయలు.