రిబ్కా పేరున్న రాయి

యానీనాకు ఎనభై మూడేళ్లు. మెల్‌బోర్న్ శివారు క్రాన్‌బర్న్‌లో ఒంటరిగా ఉండేది. వారానికి మూడు రోజులు వచ్చి ఆమెకు స్నానం చేయించి, మందులిచ్చి, వండిపెట్టే పని ప్రిస్సిల్లాది. ప్రిస్సిల్లా వాళ్లది బాపట్ల. మెల్‌బోర్న్ వచ్చి తొమ్మిదేళ్లయింది.

యానీనా యుద్ధకాలంలో పోలండ్‌లో పుట్టింది. పదహారో ఏట పొరుగావిడ నోరుజారేదాకా తాను యూదుల బిడ్డనని తెలియదు. ఏడాది పిల్లగా ఉన్నప్పుడు కన్నవాళ్లు ఆమెను స్తెఫానియా అనే రైతు భార్య చేతిలో పెట్టి వెళ్లారట. పట్టుబడితే నాజీలు ఇంటిల్లిపాదినీ కాల్చేసే రోజులవి. అయినా స్తెఫానియా దాచింది, పెంచింది. యానీనా నిలదీస్తే, యుద్ధం అయ్యాక నీకోసం ఎవరూ రాలేదని చెప్పింది. ఆ మాట నమ్మే యానీనా పెళ్లాడింది, ఆస్ట్రేలియా వచ్చింది. స్తెఫానియా పోయినప్పుడు కుమిలి కుమిలి ఏడ్చింది.

భర్త పోయాక వెతకడం మొదలుపెట్టింది. కన్నవాళ్ల పేర్లు కూడా తెలియవు. నిరుడు ప్రిస్సిల్లా సాయంతో డీఎన్‌ఏ పరీక్షకు ఉమ్మి పంపింది. ఏడు నెలలకు ఇజ్రాయెల్‌లోని హైఫా నుంచి, డీఎన్‌ఏ కలిసిన ఒకాయన రాశాడు. ఆయన తాతా, యానీనా తల్లీ అన్నాచెల్లెళ్లట. తల్లి పేరు ఎస్తేరు. బిడ్డకు పెట్టిన పేరు రిబ్కా.

"మా అమ్మమ్మ పేరూ రిబ్కానే," అంది ప్రిస్సిల్లా. యానీనా ఆ పేరును నాలుగైదుసార్లు మెల్లగా పలికి చూసుకుంది.

తర్వాతి వారం, 1946లో ఎస్తేరు తన అన్నకు రాసిన ఉత్తరాన్ని ఆయన ఇంగ్లీషులోకి మార్పించి పంపాడు. తనకు కళ్లు ఆనడం లేదని, చదవమని యానీనా అడిగింది. ప్రిస్సిల్లా ముందు తనలో చదువుకుని ఆగిపోయింది. బయటికెళ్లి భర్త తోమాసుకు ఫోన్ చేసింది.

"ఏమండీ, ఇది చదివితే ఈవిడ తట్టుకోలేదండీ. ఆ ఒక్క లైన్ స్కిప్ చేసేదా?"

"నువ్వూ దాస్తే ఇంకెవరు చెప్తారు ప్రిస్సీ? చదివెయ్."

లోపలికొచ్చి చదివింది. ఎస్తేరు క్యాంపు నుంచి ప్రాణాలతో బయటపడి, నడిచి ఆ ఊరికి వెళ్లింది. స్తెఫానియా గుమ్మం దాటనివ్వలేదు. బిడ్డ జ్వరంతో పోయిందని చెప్పి, కంచె పక్కన చిన్న సమాధి చూపించింది. మనవాళ్ల ఆచారం ప్రకారం దానిమీద ఒక రాయి పెట్టి వచ్చేశాను అన్నయ్యా అని రాసింది ఎస్తేరు.

"ఆ సమాధి నాకు తెలుసు," అంది యానీనా. "నన్ను పెంచిన అమ్మకు పుట్టి పోయిన బిడ్డది. ఇద్దరం పూలు పెట్టేవాళ్లం. ఆ పూట నేను లోపలే ఉండి ఉంటాను." మళ్లీ, "ఆమెను తిట్టాలనుంది ప్రిస్సిల్లా. నోరు రావడం లేదు," అంది.

ఎస్తేరు మళ్లీ పెళ్లి చేసుకోలేదు. 1981లో హైఫాలో పోయింది. హైఫా ఆయన పంపిన ఫొటోలో, ఆమె సమాధి రాతి మీద యుద్ధంలో చనిపోయిన భర్త పేరూ, దాని కింద రిబ్కా పేరూ చెక్కి ఉన్నాయి. కావాలంటే ఆ పేరు తీయిస్తానని రాశాడు. యానీనా మూడు వారాలు జవాబివ్వలేదు. తిండి తగ్గించేసింది. సిడ్నీ నుంచి కొడుకు ఫోన్ చేస్తే బాగానే ఉన్నానంది. ఒక ఉదయం స్నానం చేయిస్తుండగా, తీయించొద్దని రాయమంది.

"ముప్పై అయిదేళ్లు ఆ పేరు తలుచుకునే ఏడ్చి ఉంటుంది. ఉండనీ."

అక్కడి జులై చలిలో న్యుమోనియా వచ్చి యానీనా పోయింది. అంత్యక్రియల్లో కొడుకు ప్రిస్సిల్లాకు థాంక్స్ చెప్పి, అమ్మ చివర్లో ఎందుకంతగా కుంగిపోయిందని అడిగాడు. అతనికి ఆమె ఏమీ చెప్పలేదని ప్రిస్సిల్లాకు అప్పుడే తెలిసింది. ఫోన్లో ఆ ఉత్తరం తెరిచి అతని చేతికిచ్చింది. అతను చదవడం పూర్తయ్యేదాకా పక్కనే నిలబడింది.