ఎరుపంటే ఏ వాసన

నా గొంతు పోబట్టి ఈ గొడవంతా వచ్చింది గానీ, ఇనప గనుల ఊరు కిరందుల్‌లో బస్టాండు పక్కనున్న నా టిఫిన్ సెంటరుకి టీవీ ఎందుకు? పదిహేడేళ్లుగా గల్లా దగ్గర కూర్చుని "రెండు కారం, ఒకటి చప్పన" అని అరిస్తే వంటింట్లోకే కాదు, రైల్వే స్టేషనుకీ వినబడేది. గొంతులో వాపుందని, నెల రోజులు అరవొద్దని డాక్టరు చెప్పాడు. ఈ గంగారత్నానికి చెప్పాల్సిన మాటేనా అది?

మా చెల్లెలి కొడుకు గిరీష్ విశాఖలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. నన్ను చూడ్డానికి వచ్చినవాడు ఊరుకోకుండా పాత టీవీ ఒకటి తెచ్చి పొయ్యి ఎదురుగా బిగించాడు. నేను ఫోన్లో నొక్కితే దాని మీద గడి పడుతుంది. ఎర్ర గడి పడితే కారం దోసె, ఆకుపచ్చ గడి పడితే చప్పటి దోసె. గడిలో బల్ల నంబరు ఉంటుంది. గుడ్డివాడికైనా అర్థమవుతుందని గొప్పలు పోయాడు.

కోస నా దోసె మాస్టరు. కుంట వైపు దోర్ల తెగ మనిషి, నలభై దాటాయి, పదకొండేళ్లుగా నా పెనం వాడి చేతిలోనే ఉంది. టీవీ పెట్టిన మొదటి రోజే కొంప మునిగింది. కడుపులో పుండుతో చప్పటి దోసె తప్ప తినని గని ఫోర్‌మన్ రాంప్రసాద్ గారికి కారం దోసె వెళ్లింది. ఆయన రెండు చెంబుల నీళ్లు తాగి, మూడో చెంబు నెత్తిన పోసుకున్నాడు. కారం అడిగిన కుర్రాళ్లకి చప్పటివి వెళ్లాయి. తొమ్మిదింటికల్లా ఏడు ప్లేట్లు వెనక్కి వచ్చాయి.

వంటింట్లోకి వెళ్లి కోసని తిట్టాను. గుసగుసగా తిట్టడం ఎంత కష్టమో నాకు ఆ రోజే తెలిసింది. ఆ కడుపుమంటలో, పొద్దున్నే ఇప్పసారా పట్టించి వచ్చావా అని కూడా అనేశాను. వాడు జన్మలో ముట్టడని నాకు తెలుసు. అయినా నోరు కదా, జారింది.

కోస అట్లకాడ పక్కన పెట్టాడు. "తాగలేదమ్మా. నమ్మకం లేకుంటే రెండు గంటల బస్సుకు పోత" అన్నాడు. గూట్లో ఉన్న లుంగీ, చొక్కా సంచిలో పెట్టుకున్నాడు. వాడు పోతే నా సెంటరు మూతే.

గిరీష్ మాత్రం టీవీ వైపే చూస్తున్నాడు. ఇందులో ఎర్రది ఏదని కోసని అడిగాడు. రెండూ ఒక్క తీరే ఉన్నాయి గదా అన్నాడు కోస. బయట రోడ్డు మీద గని దుమ్ము చూపించి, అది ఏ రంగు అని అడిగాడు గిరీష్. దుమ్ము రంగు అన్నాడు కోస. ఈ ఊళ్లో ఆకాశం తప్ప అన్నీ ఆ ఎర్ర దుమ్ములోనే ఉంటాయి మరి. నాకు అనుమానం వచ్చింది. రోజూ దోసె ఎర్రగా కాల్చమంటాను కదా, ఎలా కాలుస్తున్నావని అడిగాను.

"ఎర్ర అంటే వాసన కాదా ఏంది?" అన్నాడు వాడు, నా వైపు వింతగా చూసి.

కొందరికి పుట్టుకతోనే ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపిస్తాయట. గిరీష్ తల కొట్టుకుని, తప్పు కోసది కాదు, ఒక్క రంగు మీదే తెరంతా నడిపిన తనదేనన్నాడు. నేనూ అప్పుడే ఒప్పుకోవాల్సింది. కానీ తప్పు ఒప్పుకోవడం మా ఇంటా వంటా లేదు. కాబట్టి గిరీష్‌ని తిట్టాను.

గడుల మీద రంగుల పేర్లు రాశాడు వాడు. కోస భద్రాచలం హాస్టల్లో ఐదో తరగతి దాకా తెలుగు చదివాడు, చదవగలడు. ఒకదాని మీద 'ఎర్ర' అని, ఇంకోదాని మీద 'పచ్చ' అని పడ్డాయి. ధైర్యం చేసి మళ్లీ వచ్చిన రాంప్రసాద్ గారికి ఈసారి కారం లేదు గానీ, దోసె బంతిపువ్వులా ఉంది. కోస గుప్పెడు పసుపు కలిపాడు. దోసెకి పీలియా, అంటే పచ్చకామెర్లు, వచ్చిందా అని హిందీలో అడిగారాయన. మా వైపు పచ్చ అంటే పసుపేనని కోస వాదించాడు. మా విజయనగరంలోనూ అంతే, వాడి తప్పేం లేదు.

అప్పటికి పన్నెండున్నర. ఇక రంగుల పేర్లూ వద్దని, ఏం పెడితే గుర్తుపడతావో నువ్వే చెప్పమని గిరీష్ అడిగాడు. కారానికి మిరపకాయ బొమ్మ, చప్పదానికి పాలసీసా బొమ్మ పెట్టమన్నాడు కోస. పావుగంటలో బొమ్మలు వచ్చాయి. ఒంటిగంట షిఫ్టు జనానికి ముప్పై దోసెలు పోశాడు, ఒక్కటీ వెనక్కి రాలేదు. రాంప్రసాద్ గారు టీవీలో తన నంబరు పక్కన పాలసీసా చూసి మొహం మాడ్చుకున్నారు గానీ, రెండు తిన్నారు.

అంతా సర్దుకుందనుకున్నాను. రెండింటికి పది నిమిషాలుండగా కోస చేతులు కడుక్కుని సంచి భుజాన వేసుకున్నాడు. సారా మాట ఇంకా అలాగే ఉంది కదా. డాక్టరు మాట గట్టున పెట్టి, జనం ముందే, అరిచే చెప్పాను. "తప్పు నాది కోసా. ఆ మాట అనకూడదు. ఉండిపో."

వాడు ఆగాడు. సంచి మళ్లీ గూట్లో పెట్టాడు.

"పాత మాస్టర్లు చెప్పి పోయిండ్రమ్మా. అమ్మ మొహం ఎర్రబడ్డదంటే ఆగొద్దు, ఉరకాలె అన్నరు. పదకొండేండ్ల సంది చూస్తున్న. మీకు ఒక్కనాడు గూడ ఎర్రబడలే. ఇయ్యాల మాటకు బాధైంది గని, మీరు కోపపు మనిషి గాదు."

గిరీష్ నా మొహం వైపు చూసి నోరు తెరవబోతే, కాలు తొక్కాను. నాకు ఏడుపొచ్చింది. లోకంలో నన్ను శాంతమైన మనిషి అనుకునేవాడు ఒక్కడున్నాడు, వాణ్ణి నా చేత్తో నేనే బస్సెక్కించబోయాను.