శ్రీరామ రాసిన పరీక్ష

బసవపున్నయ్యకు చదువు రాదని ఎవరైనా అంటే అది పచ్చి అబద్ధం. చదువు వచ్చు, గుర్తుండదు, అంతే. ఆ లోటును డిగ్రీ దాకా దస్తూరీతోనే పూడ్చుకొచ్చాడు మహానుభావుడు. ముత్యాల్లాంటి అక్షరాలు, కింద ఎర్రసిరా గీతలు, కాగితం పైన నడిమధ్యన శ్రీరామ, వెనక దారంతో కట్టిన అడిషనల్ షీట్లు. ఆ బరువు చూశాక దిద్దే సారు మాత్రం పాస్ చేయక ఏం చేస్తాడు పాపం!

అలాంటివాడు తొంభై అయిదులో ఖమ్మం వెళ్లి కంప్యూటర్ కోర్సులో చేరితే, చివరి పరీక్ష కూడా కంప్యూటర్ మీదే అన్నారు. యాభై ప్రశ్నలు. ఒక్కోదానికి ఎ, బి, సి, డి అని నాలుగు జవాబులు. మీట నొక్కడమే, నొక్కాక వెనక్కి పోయేది లేదు. ఇరవై వస్తే పాసు, పాసైతే పత్తి జిన్నింగ్ మిల్లులో కంప్యూటర్ ఆపరేటర్ నౌకరీ. ఫెయిలైతే సొంతూరు ముదిగొండలో మిర్చి కల్లం ఉండనే ఉంది. "ఇదే ఆఖరు. పోయిందంటే సప్పుడు జెయ్యక వచ్చి కాయలు ఏరు," అని తండ్రి వెంకటరామారావు ముందే చెప్పేశాడు. మిరపకాయ పేరు చెబితేనే తుమ్ములొచ్చే మనిషి మనవాడు.

పరీక్ష రోజు గది బయట చెప్పులు విడుస్తూ బసవపున్నయ్య గొంతు పెంచాడు. "రాత చూడని పరీక్ష గూడ ఒక పరీక్షేనా? దానికి కనికరం ఉంటదా? ఒక్క మార్కన్న జాలిపడి కలుపుతదా?"

"నాకైతే గదే మంచిగున్నది," అంది తోటి విద్యార్థిని ప్రమీలారాణి. "నా కోడిగీతలు చూసి అందరు మూతి తిప్పెటోళ్లు. దీనికి నువ్వైనా నేనైనా ఒకటే."

అదే కదా తల్లీ నా భయం, అనుకున్నాడు లోపల్లోపల.

కూర్చున్నాడు. తెర మీద మొదటి ప్రశ్న వచ్చింది. శ్రీరామ రాయకుండా ఈ జన్మలో ఒక్క పరీక్షా మొదలుపెట్టి ఎరగడు. కాగితమా, లేదాయె. దేవుడికి ఇంగ్లీషు రాదా ఏంటని ఒక్కో మీటే వెతికి కొట్టాడు. ఎస్, కుయ్‌మంది. ఆర్, కుయ్. ఐ, కుయ్. మళ్లీ ఆర్, కుయ్. ఎ కొట్టగానే కిక్కురుమనలేదు, మొదటి ప్రశ్న మాయమైంది. ఎమ్, కుయ్. చివరి ఎ కొట్టాడు, రెండో ప్రశ్నా పోయింది!

గదంతా ఇటు తిరిగింది. కోర్సు చెప్పే జకర్యా సారు పరుగున వచ్చాడు. "ఏందిర, ఏం కొడుతున్నవ్?"

"శ్రీరామ, సార్."

సారు నవ్వాపుకోలేక నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "నీ మొదటి రెండు ప్రశ్నలు ఆ రాముడే చేసిండు. ఇగ మిగిలినవన్న నువ్వు చెయ్యి."

చేశాడు. మూడోదానికి బాగా ఆలోచించి మరీ బి కొట్టాడు. ఆఖరు మీట నొక్కాడో లేదో మార్కులు వచ్చిపడ్డాయి. మొక్కుకునే వ్యవధైనా ఇవ్వలేదు పాడు యంత్రం. పందొమ్మిది. ఫెయిల్. కింద ఏది తప్పో ఏది ఒప్పో చూపించింది. రాముడు చేసిన రెండూ ఒప్పే. మూడోదానికి కూడా జవాబు ఎ అట. బసవపున్నయ్యకు ఏడుపొచ్చింది.

ఇంట్లో తల్లి సీతారావమ్మ అన్నం పెడుతూ అంతా విన్నది. "ఏమని రాసినవ్ బిడ్డా?"

"శ్రీరామ అని."

"గంతేనా? మరి సీతమ్మను ఏడ విడిచిపెట్టినవ్? భద్రాచలం గింత దగ్గరుండి, అమ్మ లేకుండ అయ్యనొక్కన్నే పిలుస్తరా ఎవరన్న? అందుకే గట్లయింది!"

"కంప్యూటర్‌కు గవన్నీ తెల్వయే అమ్మా," అని విసుక్కున్నాడు.

తెల్లారి కల్లంలో మొహానికి తువ్వాలు చుట్టుకుని కాయలు ఏరుతున్నాడు. తల్లి మాట మెదులుతూనే ఉంది. ఊరికే వేళ్లు మడిచాడు. శ్రీరామ బదులు శ్రీసీతారామ కొట్టి ఉంటే? శ్రీ వరకు అన్నీ కుయ్‌లే, ఇక సీత. ఎస్, కుయ్. ఐ, కుయ్. టీ, కుయ్. ఆ తర్వాత ఎ.

రాముడివి రెండు, సీతమ్మది ఒకటి. మూడోదానికీ ఎ పడేది. ఇరవై!

"అమ్మా!" అని అరవబోయాడు. తుమ్మొచ్చింది.