పెద్ద ఫిడేలు ఎవరిది

చింతపల్లి దాటాక ఘాట్ రోడ్డు మీద జీపు దిగి నడుచుకుంటూ వెళ్లేసరికి ఆ ఊరి చర్చి గుమ్మం మీద రక్తం ఎండి నల్లబడి ఉంది. ఎవరూ కడగలేదు. కడిగితే రేపు రాజీ కుదరకపోతే సాక్ష్యం ఉండదట. అందరూ దాన్ని దాటుకుంటూనే లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. విశాఖపట్నంలో వయొలిన్లు, గిటార్లు, హార్మోనియంలు బాగుచేసుకుని బతికేదాన్ని నేను. నన్ను ఇలాంటి చోటికి రప్పించిన వాళ్ల మీద అప్పటికే ఒళ్లు మండిపోతోంది.

గొడవంతా చర్చిలో పాటలకు వాయించే డబుల్ బేస్ గురించి. మనిషిని మించిన ఎత్తు ఉండే వయొలిన్ అనుకోండి. ఊళ్లో దాన్ని పెద్ద ఫిడేలు అంటారు. దాని మీద పేరు లేదు, లోపల చీటీ లేదు, ఎక్కడిదో ఎప్పటిదో చెప్పే అక్షరం ఒక్కటీ లేదు. తెల్లదొర ఓడలో తెచ్చి తమకు ఇచ్చాడని సంఘపెద్ద ఎజ్రా అంటాడు. తన తండ్రి ధర్మ చేత్తో చేశాడని చర్చి వెనక కొండవాలులో ఉండే సోములమ్మ అంటుంది.

ఎవరు చేస్తే ఏం పోయింది అనుకున్నాను ముందు. కానీ సోములమ్మది ధింసా ఆటకు కర్ర తొలిచి తుడుము డోళ్లు చేసే వంశం. ఆ వంశంలో వాయిద్యాలు చేసిన మనిషి పోతే, అతను ఆఖరున చేసిన వాయిద్యాన్ని అతని సమాధి రాయి దగ్గర సొంత రక్తం వాళ్లు పగలగొట్టాలి. అప్పటిదాకా అతను పోయినట్టు కాదు. ధర్మ పోయిన నాడు పెద్ద ఫిడేలు చర్చిలో ఉంది. అది దేవుడి సొత్తని తలుపుకి తాళం వేశారు. అప్పుడు చిన్నపిల్లగా ఉన్న సోములమ్మకి ఇప్పుడు జుట్టంతా తెల్లబడింది.

కిందటి ఆదివారం ఆమె మనవడు ఫల్గుణ ఆరాధన మధ్యలో గొడ్డలితో లోపలికి వచ్చాడు. అడ్డం వెళ్లిన ఎజ్రా భుజం తెగింది. ఎజ్రా కొడుకు టైటస్, అతని స్నేహితులూ కలిసి ఫల్గుణని పడేసి, కుడిచేతిని బెంచీ మీద చాపి, ఇనుప రాడ్డుతో కొట్టారు. మొదటి దెబ్బకే ఎముక విరిగిందని చూసినవాళ్లే చెప్పారు. విరిగాక కూడా కొట్టారు. ఆడవాళ్లు కేకలు పెడుతుంటే పిల్లలు బల్లల కింద దూరారట.

పోలీసుల దాకా పోతే ఇరువైపులా లోపల పడతారు. అందుకని వాయిద్యాల సంగతి తెలిసిన మనిషిని పిలిచి అడుగుదామని ఒప్పుకున్నారు. ఎజ్రా బైబిలు మీద చెయ్యి పెట్టాడు, సోములమ్మ మట్టి ముట్టుకుంది. విదేశానిదైతే ఆమె మళ్లీ అడగదు. ఇక్కడిదైతే ఆమె పట్టుకుపోవచ్చు. నేను సంఘానికి చెందినదాన్నని ఎజ్రాకు గట్టి ధీమా.

"వందనాలు సిస్టర్," అన్నాడు, కట్టు కట్టిన భుజంతో వంగలేక. "మా తాతగారు దొరగారి చేతుల్లోంచి అందుకున్న వాయిద్యం ఇది. మీరు చూసి ఓ మాట చెప్పేస్తే ఈ గొడవ వదిలిపోద్ది."

"చూడకుండా చెప్పమంటే విశాఖ నుంచే ఫోన్లో చెప్పేదాన్ని కదండీ," అన్నాను.

అతని వెనక టైటస్ రాడ్డు పట్టుకునే ఉన్నాడు. అది ఆ రాడ్డేనా అని అడగబుద్ధి కాలేదు.

లోపలికి అడుగుపెట్టబోతుంటే సోములమ్మ నా చెయ్యి పట్టుకుంది. ఎండుపుల్లలాంటి మనిషి, పట్టు మాత్రం ఉడుముపట్టు.

"అమ్మా, ఆదివారం ఆదివారం మా అయ్యని ఏడిపిస్తన్నారు. కొండ మీద నా ఇంటికి ఇనబడతాది. నీకు ఆ వస్తువు మీద పేమ ఉంటాది, నాకు తెలుసు. పేమ కొద్దీ అబద్దమాడితే అది బతుకుతాది. మా అయ్య మాత్రం సావడు."



పెద్ద ఫిడేలు పాటల బృందం పక్కన గోడకి ఆనించి ఉంది. ప్రతి క్రిస్మస్‌కీ ఒక పూత చొప్పున దట్టంగా చాక్లెట్ రంగు పెయింటు కొట్టి దాని ముఖమే కనబడకుండా చేశారు. అలాంటి పని చేసినవాళ్ల వేళ్లు విరగ్గొట్టాలనిపిస్తుంది నాకు. తర్వాత, ఆ మాట ఈ ఊళ్లో మనసులోనైనా అనుకోకూడదని సర్దుకున్నాను. పక్కకి వంచుదామంటే కదల్లేదు. డబుల్ బేస్ అన్నది ఒక్క మనిషి ఎత్తుకుని తిరిగే వస్తువు. దీన్ని పడుకోబెట్టడానికి నాతో పాటు ముగ్గురు పట్టాల్సి వచ్చింది.

తీగ మీటి చూశాను. ఆ గొంతు నేల మీంచి మోకాళ్లలోకి ఎక్కింది. నా పనిలో అలాంటి ధ్వని ఇంతకు ముందు వినలేదు. గుమ్మం బయట సోములమ్మ చెవులు మూసుకుంది.

వెనకవైపు ఒక మూల పెయింటు గీకాను. పసుపుపచ్చని కర్ర కనబడింది, పనస. విదేశాల్లో పనసతో ఎవరూ చెయ్యరు. అయినా అది చాలదు, కర్ర మాత్రం ఇక్కడిది కావచ్చు. ముందుపలకకున్న కన్నంలోంచి చిన్న అద్దం, ఫోన్ లైటు పంపి లోపల చూశాను. విదేశీ పనివాళ్లు పక్కలకి పలచటి పలకల్ని వేడిచేసి వంచి, వెనకపలకకి అంటిస్తారు. ఇక్కడ అతుకే లేదు. పక్కలూ వెనకా ఒకే దుంగ. తుడుముని తొలిచినట్టు, పనస మానుని లోపలినుంచి బాడిసెతో తొలిచి పెద్ద ఫిడేలు చేశాడు. బాడిసె గాట్లు చేపపొలుసుల్లా వరసగా ఉన్నాయి. అంత ఓపికని చూసి నాకు కళ్లు చెమర్చాయి.

వయసు కూడా దొరికింది. తీగల బరువు ఆనే చోట లోపల ఒక రేకు ముక్క మేకులతో బిగించి ఉంది. మిషన్ బడుల్లో పిల్లలకి పాలపొడి పంచిన డబ్బా రేకు, అమ్మకానికి కాదని ఇంగ్లీషులో అచ్చు కూడా ఉంది. ముందుపలక అంటించేశాక ఎవరి చెయ్యీ అక్కడిదాకా పోదు. అంటే చేసిన రోజుల్లోనే పెట్టిందన్నమాట. ఆ పాలపొడి వచ్చిన రోజులు ఊళ్లో ముసలివాళ్లందరికీ గుర్తున్నాయి. ఓ అరవై ఏళ్ల మాట. తెల్లదొర వాయిద్యం ఒకటి ఉండి ఉండొచ్చు, దాన్ని చూసే ధర్మ చేసి ఉండొచ్చు. ఇది మాత్రం ఓడ ఎక్కలేదు.

ఒక్క అబద్ధం ఆడితే అది బతికేది. ఇంత గొప్ప వస్తువుని గొడ్డలికి అప్పజెప్పడం నా వల్ల కాదనిపించింది. కానీ ఆ గాట్లు చూశాక ఇది అతనిది కాదని చెప్పడం అతన్ని మళ్లీ దోచుకోవడమే అనిపించింది.

బయటికి వచ్చి అందరి ముందూ చెప్పాను. "ఇది ఇక్కడి పనస. తుడుములు చేసే చెయ్యి చేసింది. ధర్మ గారిదే."

ఎజ్రా ముఖం పాలిపోయింది. ఏటా వేదిక మీద నిలబడి చెప్పుకున్న కథ అది. టైటస్ నా మెడ పట్టుకుని గోడకేసి కొట్టాడు. నోట్లో రక్తం రుచి తగిలింది.

"నీకేటి పెట్టినారు ఆళ్లు? ఏటి పెట్టినారు సెప్పు."

నేను జారిపడ్డాను. సోములమ్మ వైపు కొండవాలు మనుషులు టైటస్ మీదికి వచ్చారు. రాళ్లు లేచాయి, కర్రలు లేచాయి, ఎవరిదో పన్ను నా కాళ్ల దగ్గర పడింది. ఫల్గుణ విరిగిన చేతి కట్టుతోనే ఒకడి ముఖం మీద బాది, తనే నొప్పికి కూలబడ్డాడు. ఆ సందట్లో టైటస్ లోపలికి పరుగెత్తాడు.

"మాది కానప్పుడు ఎవలిదీ కాదు. ఇక్కడే ముక్కలు సేసేత్తాను."

నాకు అర్థమయ్యేలోపే సోములమ్మకి అర్థమైంది. పరాయివాడి చేతిలో, రాయి లేని చోట అది పగిలిపోతే తండ్రికి ఇక ఎప్పటికీ విడుదల లేదు. ఆమె ఆ గుంపు కాళ్ల మధ్యనుంచి దూరి వెళ్లి, పడుకోబెట్టిన పెద్ద ఫిడేలు మీద బోర్లా పడి, రెండు చేతులా వాటేసుకుంది. పగలగొట్టాలని జన్మంతా కొట్లాడిన మనిషి, దానికి దెబ్బ తగలనివ్వలేదు. టైటస్ రాడ్డు ఆమె వీపు మీద పడింది. మళ్లీ పడింది. పక్కటెముకలు విరిగిన చప్పుడుని తీగలు పట్టుకుని గదంతా మోగించాయి. ఆమె పట్టు వదల్లేదు.

"ఒగ్గేయి, ఆవిడిని ఒగ్గేయి," అంటూ ఎజ్రా వచ్చి, బాగున్న చేత్తో కొడుకు ముఖం పగిలేలా కొట్టాడు. రాడ్డు లాక్కుని బయటికి విసిరాడు. కట్టులోంచి అతని భుజం రక్తం కారుతోంది. "బైబిలు మీద ఒట్టు పెట్టినాన్రా. నన్ను దొంగని సేత్తావా?" అని కూలబడి ఏడ్చాడు. తర్వాత లేచి, తలుపులు రెండూ బార్లా తెరిచాడు.

ఆసుపత్రికి పోదామని నేను బతిమాలాను. సోములమ్మ వినలేదు. "బేగి మొయ్యండి, నాకు వూపిరుండగానే," అంది. కొండవాలు మనుషులు పెద్ద ఫిడేలుని మోశారు. ఆమెని ఫల్గుణ ఎడమచేత్తో ఆనించుకుని నడిపించాడు. సమాధి రాయి కాఫీతోట అంచున ఉంది. అందరూ దూరంగా ఆగిపోయారు. నన్ను మాత్రం దగ్గరికి రమ్మంది.

ఆమె గొడ్డలి ఎత్తబోయి, నొప్పికి దించేసి, నా వైపు చూసింది. పెదవి చివర రక్తం నురగ కడుతోంది.

"అమ్మా, రెండో దెబ్బకి నాకు సత్తువ నేదు. ఒక్క దెబ్బకే పోవాలి, అయ్యకి నొప్పి తెలవకూడదు. ఎక్కడ కొట్టాల?"

ఇలాంటివి పగలకుండా కాపాడటమే నాకు తెలిసిన పని. అందుకే ఎక్కడ పగులుతాయో నాకు తెలిసినంతగా ఆ కొండ మీద ఎవరికీ తెలీదు. తీగలన్నీ వదులుచేశాను. తీగల్ని మోసే బ్రిడ్జి పక్కన, లోపల నిలబెట్టిన కర్ర ఆనే చోట ముందుపలక మీద అరచెయ్యి పెట్టాను.

"ఇక్కడమ్మా," అని చెయ్యి తీశాను.