కోటు విప్పని ఆదివారాలు

పెళ్లై ఏడు వారాలైంది. మా ఆయన లూసియాన్‌ని పేరు పెట్టి పిలుస్తాను. నేలమాళిగలో గురక పెడుతూ ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్‌కి కూడా నేనో ముద్దుపేరు పెట్టాను. మామగారిని మాత్రం ఏమని పిలవాలో తేలలేదు. ఆర్మాన్ అంటే తోటివాణ్ణి పిలిచినట్టుంటుంది. లూసియాన్‌లాగా పపా అనడానికి నోరు రావడం లేదు. అందుకని ఆయన నావైపు చూసేదాకా ఆగి, అప్పుడు మాట్లాడుతున్నాను.

ఈ ఇల్లు ఆయనదే. పెళ్లికి మాకిచ్చేసి, తను బేకరీ మీద రెండు గదుల్లోకి మారిపోయారు. నలభై ఏళ్లు ఈ ఊరంతటికీ బాయిలర్లు బిగించిన మనిషి. ఇక్కడి గొట్టాలన్నీ తన చేత్తో వేసినవే. ఇంటిని మూడు జోన్లు చేశారు: వంటిల్లు, ముందుగది, మేడ. ఎంత వేడి కావాలో చూసుకునే థర్మోస్టాట్ దేనిది దానిదే. ఏ జోన్ చల్లబడితే ఆ గొట్టాల్లోకే వేడినీళ్లు వెళతాయి.

అప్పట్లో మూడు చోట్లా గుండ్రటి పాత డయళ్లుండేవి. నా కాలేజీ స్నేహితురాళ్లు పెళ్లికి రెండు స్మార్ట్ థర్మోస్టాట్లు ఇచ్చారు. వాటిని ముందుగదిలోనూ మేడమీదా బిగించాం. వంటింటికి పాత డయలే మిగిలింది. కొత్తవి ఫోన్ మాట వింటాయి. ముందుగదిలోదానికి తెలివి మరీ ఎక్కువ. చాలాసేపు ఎవరూ కదలకపోతే ‘మీరు ఇంట్లో లేనట్టున్నారు’ అని ఫోన్‌కి కబురు పెట్టి వేడి తగ్గించేస్తుంది. పెళ్లైన మూడోవారంలో ఓ శనివారం, మధ్యాహ్నం దాకా మేం మేడ దిగలేదు. కబురొచ్చింది. మేం ఇంట్లో లేమట! అంతగా ఇంట్లో ఉండటం నా జన్మలో ఎరగను.

మామగారిని ప్రతి ఆదివారం భోజనానికి రమ్మన్నాను. మొదటి ఆదివారం వచ్చారు. వంటింటి బల్ల దగ్గర కోటుతోనే కూర్చుని, తినేసి, అరగంటలో లేచి వెళ్లిపోయారు. రెండో ఆదివారమూ అంతే. బయట నది గడ్డకట్టి ఉంది, నిజమే. కానీ వంటింటి డయల్లో ముల్లు డెబ్బై రెండు ఫారెన్‌హీట్ దాటి ఉంది. నేనేమో పొయ్యి ముందు చెమటలు కక్కుతున్నాను. చలి కాకపోతే ఇంకేమిటి? కోటు విప్పనివాడు ఉండటానికి రాలేదని నాకర్థమైంది. తన ఇంట్లో నన్ను చూడటం ఆయనకిష్టం లేదు.

మూడో ఆదివారం పొద్దున్నే లూసియాన్‌తో అన్నాను. “ఇవాళ కూడా కోటు విప్పకపోతే ఇంక పిలవను. ఆయన్ని ఇబ్బంది పెట్టడం నావల్ల కాదు.”

“మా పపా కోటుతోనే పుట్టాడోయ్. దానికి ఏడుస్తావేంటి?”

“నవ్వకు. నిజంగా చెబుతున్నా.”

నవ్వడం మానేసి, నా నుదుటికంటిన పిండి తుడిచాడు.

బల్ల మీద మంచి గుడ్డ పరిచాను. పోయిన రెండు ఆదివారాల్లాగే మా అమ్మమ్మ నాకిచ్చిన దీపం వెలిగించాను. రంగుటద్దాల గొడుగుతో పాతకాలపు బల్బు దీపం అది. అతిథులొస్తేనే వెలిగిస్తాను. డయల్ కింద చిన్న అలమర మీద దానికి చక్కగా చోటు కుదిరింది. మామూలు రోజుల్లో మేమిద్దరం ముందుగదిలో సోఫా మీద ఒకే కంచంలో తింటాం కాబట్టి దానితో పని ఉండదు.

మామగారు వచ్చారు. కోటుతోనే కూర్చున్నారు. చికెన్ స్టూ వడ్డించి, ఒకవైపే కాల్చే ఇక్కడి చిల్లుల అట్లు, ప్లోయ్‌లు, వేడివేడిగా తెచ్చి పెట్టాను.

“అట్టుకి కళ్లు బాగా పడ్డాయమ్మాయ్,” అన్నారు.

పొంగిపోయాను. కానీ కోటు గుండీ ఒక్కటీ ఊడలేదు. లూసియాన్ బల్ల కింద ఫోన్ నొక్కడం చూశాను. గోడల్లో టకటకమని చప్పుడైంది.

మామగారు చెంచా ఆపి చెవి ఒగ్గారు. “ముందుగది.” కాసేపాగి, “ఇప్పుడు మేడ. పైన ఎవరికిరా అంత వేడి? కోడిగుడ్లు పొదుగుతున్నారా?”

“ఇల్లంతా వెచ్చబడుతుందని...” నసిగాడు లూసియాన్.

“ఆ గొట్టాలు ఇటు రావురా. నీకు పదేళ్లప్పుడే చెప్పాను.”

అప్పుడు మొదటిసారి నేను కూడా బల్ల దగ్గర కుదురుగా కూర్చున్నాను. రెండు నిమిషాల్లో పాదాలు జివ్వుమన్నాయి. ఆయన కంచంలో అట్టు మీది వెన్న కరగకుండా ముద్దలాగే ఉంది. ఆయన ఎడమచెయ్యి తొడ కింద పెట్టుకున్నారు.

“మీకు చలేస్తోంది కదూ?”

“బాగానే ఉంది.”

“చలేస్తోంది! ఆ డయల్ మీరు బిగించిందే కదా, లేచి కాస్త తిప్పకూడదా?”

ఆయన నిజంగా నివ్వెరపోయారు. “ఒకరింట్లో థర్మోస్టాట్ మీద చెయ్యి వేస్తామా? పనికి పిలిస్తే తప్ప ఎవరింట్లోనూ ముట్టుకున్నవాణ్ణి కాను. ఇది నీ ఇల్లు. ఎంత వెచ్చగా ఉండాలో నువ్వే చెప్పాలి.”

మూడు ఆదివారాలు ఆయన చలికి వణికింది ఇది నా ఇల్లని ఒప్పుకోవడానికా! నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

“పపా, పనికే పిలుస్తున్నాను. లేవండి,” అన్నాను.

ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. లూసియాన్ చెంచా నోటి దాకా వెళ్లి ఆగిపోయింది. మామగారు లేచి, మూతి తుడుచుకుని, గోడ దగ్గరికి వెళ్లారు. డయల్ని ముట్టుకోలేదు. దాని కిందున్న దీపాన్ని రెండు చేతులా పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తి, తెచ్చి బల్ల మధ్యలో పెట్టారు.

“బల్బు వేడి తగిలితే పైనున్న డయల్ గది కాలిపోతోందనుకుంటుంది. వేడినీళ్లు అడగదు.”

“మీకెప్పుడు తెలిసింది?”

“మొదటి ఆదివారం, గుమ్మంలోకి రాగానే.”

“మరి చెప్పరేం?”

ఆయన దీపం గొడుగు సరిచేశారు. “నాకోసం వెలిగించావు కదమ్మాయ్. ఆర్పమని ఎలా చెప్పను?”

కాసేపటికి గోడ మీద డయల్ టిక్కుమంది. గొట్టాలు ఒకటొకటే ఒళ్లు విరుచుకున్నాయి. పావుగంటకి వెన్న అట్టు కళ్లలోకి జారింది. మామగారు పై గుండీ విప్పారు, తర్వాత రెండోది. ఆ కోటు నేనే అందుకుని తలుపు పక్క కొక్కేనికి తగిలించాను.

“మూడో స్మార్ట్‌ది కూడా కొనిస్తామన్నారు నా స్నేహితురాళ్లు. వద్దని చెబుతాను. ఈ డయల్ మీది. ఆదివారాలు మీరే తిప్పాలి, పపా.”

ఆయన వెంటనే లేచి తిప్పారు. కిందికి! “అరవై ఎనిమిది చాలు. ఊరికే బాయిలర్ నూనె తగలెయ్యకండి.”

“వచ్చింది పెత్తనం,” అన్నాడు లూసియాన్.

“రానీ,” అన్నాను నేను.

రెండో విడత అట్లు పోశాను. మేడమీద ఇంకా కొలిమిలా మండుతున్నట్టుంది, మా పెంపుడు పిల్లి మెట్లు దిగి వచ్చి మామగారి బూట్ల మీద వెల్లకిలా పడుకుంది. అంతలో నా ఫోన్ మోగింది. ముందుగది థర్మోస్టాట్ కబురు: ‘మీరు ఇంట్లో లేనట్టున్నారు.’

పైకి చదివి వినిపించాను. మామగారు నవ్వుతూ కంచం ముందుకు జరిపారు. “దాని మొహం. ఇంకో రెండు వెయ్యమ్మాయ్.”